ముల్లు చూసి డబ్బు పెట్టకు

అల్లుడూ, ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు మ్యూచువల్ ఫండ్లూ చూశాను. నాలుగింటికీ రిస్కోమీటర్ (ఫండ్‌లో రిస్కు ఎంతో చూపే బొమ్మ) ముల్లు చివరి గడిలో, ‘వెరీ హై’ మీదే ఉంది. అంతమాత్రాన నాలుగూ ఒకటే కావు. 2021 జనవరి నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన ఆ ఆరు మెట్లలో, నిఫ్టీ సూచీలోని పెద్ద కంపెనీల షేర్లు కొనే ఇండెక్స్ ఫండూ, చిన్న కంపెనీల షేర్లు కొనే స్మాల్ క్యాప్ ఫండూ సాధారణంగా ఆఖరి మెట్టు మీదే ఉంటాయి. పడే లోతు మాత్రం వేరు.

ఎంత లోతంటే, 2020లో జనవరి నుంచి మార్చిలోపే నిఫ్టీ దాదాపు 38 శాతం జారింది. 2008 జనవరి నుంచి 2009 మార్చికి సెన్సెక్స్ 60 శాతం పోయింది. ఇది పెద్ద కంపెనీల సంగతి. చిన్నవాటికి ఇంకా పెద్ద దెబ్బే అనుకో.

అందుకే ఫారంలో ‘అగ్రెసివ్’ (ఎక్కువ రిస్కుకు సిద్ధం) అని టిక్కు పెట్టేముందు రూపాయల్లో లెక్క వెయ్యి. చేతిలో ఐదు లక్షలు ఉన్నాయి. అందులో ఎంత తగ్గినా నిద్ర పడుతుంది? లక్ష అనుకుందాం. ఈక్విటీ (షేర్లలో పెట్టే ఫండ్లు) సగానికి పడిపోతుందని లెక్కగడితే, అందులో రెండు లక్షలకు మించి పెట్టకూడదు. శాతాల్లో అడిగితే అందరూ ధైర్యవంతులే!

ధైర్యం ఒకటి, స్తోమత ఒకటి. రెండేళ్లలో చెల్లి పెళ్లికి కావాల్సిన సొమ్ము, నీకెంత గుండె ఉన్నా ఈక్విటీకి పనికిరాదు. ఏడేళ్లు ముట్టుకోనక్కర్లేనిదే అటు పంపు. ధైర్యం, స్తోమత రెండిట్లో ఏది తక్కువైతే అదే నీ హద్దు. ఈఎంఐతో కలిపి ఆరు నెలల ఖర్చు ముందే లిక్విడ్ ఫండ్ (చాలా తక్కువ కాలపు అప్పు పత్రాల్లో పెట్టే ఫండ్)లోనో ఎఫ్‌డీలోనో పక్కన పెట్టు.

డెట్ ఫండ్ (బాండ్ల వంటి అప్పు పత్రాల్లో పెట్టేది) అనగానే ఎఫ్‌డీకి తమ్ముడనుకోకు. క్రెడిట్ రిస్క్ ఫండ్ కనీసం 65 శాతం ఏఏ, అంతకంటే తక్కువ రేటింగ్ (అప్పు తీర్చే సత్తాకు ఇచ్చే మార్కు) ఉన్న కంపెనీ బాండ్లలో పెడుతుంది; ఒక కంపెనీ ఎగ్గొడితే ఎన్‌ఏవీ (ఫండ్ యూనిట్ విలువ) ఒక్కరోజులో దిగుతుంది. ప్రభుత్వ బాండ్లు కొనే దీర్ఘకాల గిల్ట్ ఫండ్‌లో ఎగవేత భయం లేదు గానీ, వడ్డీ రేట్లు పెరిగితే బాండ్ల ధర పడుతుంది. డెట్ ఫండ్ ఫ్యాక్ట్‌షీట్ (వివరాల పత్రం)లో తొమ్మిది గడుల పట్టిక ఉంటుంది. అక్షరం ఎగవేత రిస్కు, అంకె వడ్డీ రిస్కు. ఏ-1లో రిస్కు అన్నిటికన్నా తక్కువ, సీ-3లో అన్నిటికన్నా ఎక్కువ. రిస్కోమీటర్ ఇప్పటి పరిస్థితి చెబుతుంది. ఈ పట్టిక మేనేజరు ఎంతదాకా పోగలడో చెబుతుంది. డెట్‌కి నేనైతే ముందు ఈ పట్టికే చూస్తాను.

ముల్లును నెలనెలా లెక్కగడతారు. మారితే ఫండ్ కంపెనీ మెసేజో మెయిలో పంపాలి, ప్రకటన అనుకుని తుడిచెయ్యకు. ఆ రూపాయల లెక్క వేసి పంపు, నాలుగింటిలో ఏవి ఉంచాలో అప్పుడు చూద్దాం.

నీ మామయ్య