తమ్ముడి విషయంలో ముందు డబ్బు ఆపండి

విజిటింగ్ వీసా మీద పంపి అక్కడే పని పర్మిట్ ఇప్పిస్తాం, సగం డబ్బు ఇప్పుడు, మిగతాది చేరాక అని ఏజెంట్ మీ తమ్ముడికి చెప్పాడన్నారు. దయచేసి ఆపండి. విజిటింగ్ వీసా మీద ఉద్యోగం చేయడం దాదాపు అన్ని దేశాల్లోనూ నిషేధమే. ‘చేరాక ఇవ్వండి’ అంటే భరోసాగా అనిపిస్తుంది. కానీ దారిలో మనిషిని గదిలో బంధించి, ఇంటికి ఫోన్ చేయించి ఇంకా గుంజే ముఠాలున్నాయి. అప్పటికి పొలం తాకట్టులో ఉంటుంది, వెనక్కి రావాలన్నా రాలేడు.

యజమాని పేరు, జీతం రాసి ఉన్న ఉద్యోగ ఒప్పందం చూపించమనండి. వీసా రకాన్ని ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూడండి, ఏజెంట్ పంపిన లింకులో కాదు.

అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే టెన్షన్ పడి దాచకండి. అక్రమ తరలింపుపై 2000 నాటి ఐక్యరాజ్యసమితి ప్రోటోకాల్ గురి తరలించే ముఠాలపైనే, తరలిపోయిన మనిషిపై కాదు. రసీదులు, చాట్‌లు పట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్లండి.

తమ్ముడిని మాత్రం తిట్టకండి. తిడితే చెప్పకుండా వెళ్లిపోతాడు, అదే నా భయం. 2014 నుంచి వలస దారుల్లో 70,000 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారని అంతర్జాతీయ వలస సంస్థ నమోదు చేసింది. పక్కన కూర్చుని ఆ లెక్క చూపించండి.