హోమ్‌లో ఉంటే పరువు పోతుందా?

ప్రశ్న: మాది గుంతకల్లు దగ్గర పల్లె. పాపకు 11, బాబుకు 7 ఏళ్లు. నా భర్త తాగి కొడతాడు. రెండుసార్లు పెద్దమనుషుల ముందు ఒట్టేసి మళ్లీ కొట్టాడు. ఈసారి తల పగిలింది. పిల్లలతో అక్క దగ్గరికి వచ్చాను. రెండు నెలలకే బావ మొహం మారింది. అక్క కాపురంలో గొడవలెందుకని బయటికొచ్చేసి రెండు రాత్రులు రైల్వే స్టేషన్‌లో పడుకున్నాం. ఎవరో 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, ఇలాంటి ఆడవాళ్లకు సాయం చేసే అనంతపురం సఖి కేంద్రానికి తీసుకొచ్చారు. ఇక్కడి నుంచి శక్తి సదన్‌కు, అంటే ఆపదలో ఉన్న ఆడవాళ్లు పిల్లలతో ఉండే హోమ్‌కు, పంపిస్తామంటున్నారు. హోమ్‌లో ఉన్నావని తెలిస్తే పరువు పోతుంది, రేపు పాపకు సంబంధాలు రావు అంటోంది అమ్మ. మళ్లీ పంచాయితీ పెడతామని కబురు పంపారు. బాబు రాత్రిపూట చెప్పులు తలకింద పెట్టుకుని పడుకుంటున్నాడు. నాకు కుట్టుపని కొంచెం వచ్చు. నేను యాడికి పోవాల మేడమ్?

జవాబు: శక్తి సదన్‌కు వెళ్లండమ్మా. సఖి కేంద్రంలో మామూలుగా ఐదు రోజుల వరకే ఉండనిస్తారు. ఆ లోపే మాట్లాడి పెట్టుకోండి.

మీ అమ్మగారిది భయం, అంతకు మించి ఏమీ లేదు. కూతురు, మనవళ్లు స్టేషన్‌లో పడుకున్నారని తెలిసి ఆమె ఎంత నలిగిపోయి ఉంటారో ఊహించగలను. కానీ ఆ రెండు రాత్రులూ పాపను పక్కన పెట్టుకుని మీరు కన్ను మూసి ఉండరు. దానికంటే తాళం ఉన్న తలుపు వెనకాల పిల్లలు నిద్రపోవడం మేలని ఆమెకు చెప్పండి. సంబంధాల మాట ఇంకా చాలా దూరం. ముందు పాప చదువు ఆగకూడదు.

చాలామంది ఆడవాళ్లు అదే ఇంటికి తిరిగి పోవడం నేను చూశాను. భర్త మారాడని నమ్మి పోయేవాళ్లు తక్కువ. ఇంకెక్కడా చోటు లేక పోయేవాళ్లే ఎక్కువ. పోనీ, ఒక గది ఇప్పిస్తే సరిపోతుందా అంటే, అదీ చాలదు. అద్దె ఎవరు కడతారు, కోర్టుకు పోయిన రోజు పిల్లల్ని ఎవరు చూస్తారు, అతను గేటు దగ్గరికొచ్చి అరిస్తే ఎవరు అడ్డుపడతారు? నీడతో పాటు లాయరు, కౌన్సెలరు, పిల్లల బడి, చేతికి పని, ఇవన్నీ ఒకచోట దొరికితేనే మనిషి నిలదొక్కుకుంటుంది. ఒకప్పటి స్వాధార్ గృహాలే 2022 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ శక్తి కింద శక్తి సదన్‌లయ్యాయి. అవి ఉన్నది ఇందుకే. అక్కడ అంతా సుఖమని చెప్పను. గదిలో వేరేవాళ్లు ఉంటారు, బయటికి పోవాలంటే చెప్పి పోవాలి, కొన్నాళ్లు ఊపిరాడనట్టు అనిపిస్తుంది. ఓర్చుకోండి. మగపిల్లలకు వయసు పరిమితి ఉంటుంది కానీ మీ బాబుకు ఆ ఇబ్బంది రాదు.

బాబు చెప్పుల సంగతి చదివి నా మనసు చివుక్కుమంది. ఏ రాత్రైనా లేచి పరిగెత్తాల్సి వస్తుందని ఆ పిల్లాడు సిద్ధంగా ఉన్నాడు. ఆ చెప్పులు లాగేయకండి, తిట్టకండి. రోజూ అదే చాప, అదే వేళకు అన్నం, మీరు పక్కనే. ఈ రాత్రి ఎక్కడికీ పోవడం లేదని పడుకునే ముందు చెప్పండి. నెలలు పట్టొచ్చు. సదన్‌లో కౌన్సెలర్‌కు ఈ విషయం మొదటి రోజే చెప్పండి. పెద్దవాళ్ల కేసు గొడవలో పిల్లల మాట వెనకబడిపోతుంటుంది.

బడి కోసం టీసీ తేవడానికి ఊరికి పోవద్దు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని విద్యా హక్కు చట్టమే చెబుతోంది. హెడ్‌మాస్టరు కాదంటే సఖి వాళ్లతో మాట్లాడించండి.

ఇక కేసు. 2005 గృహ హింస చట్టం కింద రక్షణ, భరణం, పిల్లల కస్టడీ, ఉండడానికి చోటు, అన్నీ ఒకే దరఖాస్తులో అడగొచ్చు. మామూలుగా మూడు రోజుల్లోపే మొదటి వాయిదా వేయాలి. ఇల్లు అత్తగారి పేరున ఉంది కదా అని ఎవరైనా దబాయిస్తే బెదరకండి. మీరు కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరున ఉన్నా అందులో ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేయొచ్చు. తల గాయానికి చూపించుకున్న ఆసుపత్రి చీటీ జాగ్రత్త.

పంచాయితీకి పోవద్దు. రెండు ఒట్లు అయిపోయాయి. అతను మాట్లాడాలంటే లాయరు ముందో, గృహ హింస చట్టం కింద ఉండే రక్షణ అధికారి ముందో మాట్లాడతాడు. సదన్ ఎక్కడుందో అక్కకు తప్ప ఎవరికీ చెప్పకండి. ఆధార్‌కు, బ్యాంకుకు లింకైన సిమ్ ఎవరి దగ్గరుంది? అతని దగ్గరుంటే ఈ వారమే నంబరు మార్పించుకోండి. లేకపోతే మీ ఖాతాలో పడే ప్రతి రూపాయీ అతనికి తెలిసిపోతుంది.

కుట్టుపని వచ్చన్నారు. జాకెట్టు పూర్తిగా కుట్టి డబ్బు తీసుకునేదాకా నేర్పమని సదన్‌లో గట్టిగా అడగండి. సంపాదన మొదలయ్యాక ఉద్యోగం చేసే ఆడవాళ్ల కోసం సఖి నివాస్ హాస్టళ్లున్నాయి. లేదా అక్క ఇంటికి దగ్గర్లో ఒక చిన్న గది చూసుకోవచ్చు. బావగారి మొహం మారిందని అక్కతో మాటలు మానేయకండి. ఇల్లు ఇరుకైపోయి ఆయనకు విసుగొచ్చి ఉంటుంది. రేపు వాయిదా రోజున బాబును బడి నుంచి తెచ్చుకోవడానికి ఆ అక్కే కావాలి. ఈ సాయంత్రమే ఆమెకు ఫోన్ చేయండి.