కర్ణం మీది చతురస్రంలో 25 గళ్ళు ఎందుకు రావట్లేదంటే

గళ్ళ కాగితం మీద 3, 4 భుజాల లంబకోణ త్రిభుజం గీసి, మూడు భుజాల మీదా చతురస్రాలు కట్టి పైథాగరస్ సిద్ధాంతం చూపిస్తుంటే, కర్ణం (లంబకోణానికి ఎదురుగా ఉన్న భుజం) మీది చతురస్రంలో మీ పాపకి 25 గళ్ళు రావట్లేదని అడిగారు. గళ్ళు తెగిపోవడమే కారణం. 3, 4 భుజాల మీద 9, 16 సరిగ్గా వచ్చాయన్నారు, ఆ రెండు చతురస్రాలూ గీతల వెంటే ఉన్నాయి కాబట్టి. కర్ణం మీది చతురస్రం వాలుగా ఉంటుంది, అంచుల్లో అన్నీ ముక్కలే. వాటిని ఒక్కొక్కటీ లెక్కపెడితే మీ పాపకి ప్రతిసారీ వేరే అంకె వస్తుంది. లెక్కపెట్టకండి, చుట్టూ పెట్టె కట్టండి.

1. లంబకోణం మూల నుంచి కుడికి 4 గళ్ళు, పైకి 3 గళ్ళు. రెండు చివరలూ కలిపితే కర్ణం.
2. కర్ణం రెండు చివరల నుంచీ 3 గళ్ళు కుడికి, 4 గళ్ళు పైకి వెళ్ళి చుక్కలు పెట్టి కలపండి. అదే వాలు చతురస్రం.
3. లంబకోణం మూల నుంచే 7×7 పెట్టె గీయండి. చతురస్రం నాలుగు మూలలూ పెట్టె అంచులకి తగులుతాయి.
4. మూలల్లో నాలుగు త్రిభుజాలు, ఒక్కోటి 6 గళ్ళు. 49 − 24 = 25.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. 25 వచ్చింది సరే, అది 9 + 16 ఎందుకైందో పాపకి ఇంకా కనబడలేదు. ఆ నాలుగు త్రిభుజాల్నీ కత్తిరించి, ఇంకో 7×7 పెట్టెలో రెండేసి జతచేసి 4×3 దీర్ఘచతురస్రాలుగా పెట్టించండి: ఒకటి కింద ఎడమ మూలలో అడ్డంగా, ఒకటి పైన కుడి మూలలో నిలువుగా. మిగిలిన ఖాళీ చూడండి: ఒక 3×3, ఒక 4×4. పెట్టె అదే, ముక్కలూ అవే, కాబట్టి ఖాళీ కూడా అంతే. ఈ పని మాత్రం పాప చేత్తోనే జరగాలి.

తర్వాత 2, 5 భుజాలతో చేయించండి. పెట్టె మళ్ళీ 7×7. 49 − 20 = 29, అంటే 4 + 25.