పాత కారవాన్‌కు ఆ కాలపు దీపాలు దొరికేదెలా?

ప్రశ్న: మా తాతగారు 1960లలో గుంటూరులోని ఒక పొగాకు కంపెనీ వేలంలో రెండు చక్రాల కారవాన్ ట్రైలరు, అంటే కారు వెనుక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి, కొన్నారు. చాలా ఏళ్లుగా మా గోదాము వెనుక షెడ్డులో పడి ఉన్న ఆ బండిని ఇప్పుడు బాగు చేయిస్తున్నాం. చెక్క చట్రం మీద అల్యూమినియం రేకు కొట్టిన బండి అది. చట్రం పని పూర్తయింది, రంగు వేయించాలి. బయటి దీపాల్లో ఒక్కటీ మిగలలేదు. వాటి చోట రంధ్రాలు, వైరు ముక్కలు మాత్రం ఉన్నాయి. ఇంగ్లండులో తయారైందని తెలుసు గాని, తయారీ సంస్థ పేరున్న పలక ఊడిపోయింది. ట్రాక్టరు ట్రైలర్లకు బిగించే ఎల్‌ఇడి దీపాలు పెట్టేద్దామని మెకానిక్కు అంటున్నారు. అంబాసిడర్ దీపాలు సరిపోతాయని మరొకరు అన్నారు. ఆ కాలానికి తగినవి ఏవో, ఎక్కడ దొరుకుతాయో దయచేసి తెలియజేయగలరు.
ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, రంగు పని కొన్నాళ్లు ఆపించండి. ముఖ్యంగా ఆ రంధ్రాలను పుట్టీ పెట్టి పూడ్చనివ్వకండి. పేరు పలక లేని బండికి ఏ దీపాలు ఉండేవో చెప్పగల సాక్ష్యం ఇప్పుడు ఆ రంధ్రాలే. దీపం కప్పి ఉంచినంత మేర రేకుకు ఎండ తగలదు గనుక అక్కడ పాత రంగు వెలిసిపోకుండా నిలిచి, దీపం అడుగుభాగం ఆకారం చాలావరకు గుర్తుపట్టేలా ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది, ఆ అంచును, స్క్రూ రంధ్రాల మధ్య దూరాన్ని, వైరు బయటికి వచ్చే రంధ్రాన్ని ఉన్నవి ఉన్నట్టు దింపుకోండి. ఈ కాగితం చేతిలో ఉంటే దుకాణదారుడితో వాదించవలసిన పని ఉండదు. దీపాన్ని దాని మీద పెట్టి చూస్తే సరిపోతుంది.

వైరు ముక్కలను కూడా కత్తిరించి పారేయకండి. నూలు అల్లిక తొడుగు ఉన్న వైరు అయితే బండి 1950లది గాని అంతకు ముందుది గాని అయ్యే అవకాశం ఎక్కువ. ప్లాస్టిక్ తొడుగు మీద రంగులు కనిపిస్తే ఇంకా మేలు. ఆనాటి బ్రిటిష్ కార్ల పద్ధతిలో టెయిల్ దీపానికి ఎర్ర వైరు, బ్రేకు దీపానికి ఆకుపచ్చ మీద ఊదా చార, ఎడమ ఇండికేటరుకు ఆకుపచ్చ మీద ఎర్ర చార, కుడి ఇండికేటరుకు ఆకుపచ్చ మీద తెల్ల చార, ఎర్త్‌కు, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారికి, నలుపు వాడేవారు. చార ఉన్న ఆకుపచ్చ వైర్లలో ఏవి మిగిలాయో చూస్తే మీ బండికి మొదటి నుంచీ ఇండికేటర్లు ఉన్నాయో లేదో తేలిపోతుంది. ఈ సంగతి తేలకుండా దీపాలు కొనడం డబ్బు దండగ.

ఇక అసలు విషయం. ఎకిల్స్, స్ప్రైట్ వంటి కారవాన్ సంస్థలు దీపాలను సొంతంగా తయారు చేసుకోలేదు. లూకాస్, రబ్బోలైట్, బ్రిటాక్స్ వంటి కంపెనీలు కార్లకు, లారీలకు, ట్రైలర్లకు అమ్మే దీపాలనే కొని బిగించాయి. అందువల్ల కారవాన్ దీపాలని వెతికితే మీకు ఏళ్లు గడిచినా ఏమీ దొరకదు. దీపం నంబరుతో వెతకాలి. మీ కాగితం మీద దిగినది అరచేతిలో ఇమిడే చిన్న గుండ్రటి గుర్తయితే ముందుగా చూడవలసినది లూకాస్ ఎల్ 488. పాత సిరీస్ ల్యాండ్‌రోవర్లకు కూడా ఇదే బిగించేవారు. అందుకే దాని నకళ్లు నేటికీ కొత్తగా తయారవుతున్నాయి, ల్యాండ్‌రోవర్ విడిభాగాలు అమ్మేవారి దగ్గర సులువుగా దొరుకుతాయి. తెలుపు, ఎరుపు, నారింజ మూడు రంగుల అద్దాలూ దీనికి ఉన్నాయి. నంబరు ప్లేటు మీద వెలుగు పడేలా పెట్టే చిన్న దీపం పోయి ఉంటే లూకాస్ 467 చూడండి.

మన దేశంలో పాత సరుకు కోసం చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ మాయాపురి తిరగవలసిందే. అయితే ముందు విజయవాడ ఆటోనగర్‌లో పాత జీపుల పని చేసే షెడ్లలో అడగండి. ఊడదీసి పక్కన పడేసిన దీపాలు అక్కడ అటకల మీద ఉంటాయి. అద్దం మీద పోతలోనే కంపెనీ పేరు, నంబరు ఉన్నాయేమో చూడండి. అద్దం పగలకుండా ఉండి, బల్బు హోల్డరు తుప్పు పట్టినా ఫర్వాలేదు, హోల్డరు మార్చుకోవచ్చు. గాజు అద్దం పగిలితే మాత్రం దానికి జత దొరకడం కష్టం. చుట్టూ ఉండే రింగు ఇత్తడిదైతే పాత పూత తీయించి నికెల్, క్రోమ్ ప్లేటింగ్ చేయించవచ్చు. సొట్టలు పడి ఉంటే లేతు మిషను మీద ఇత్తడి రేకుతో కొత్త రింగు తీయగల పనివారు ఆటోనగర్‌లో ఉన్నారు. జింకు పోత భాగాల పైన పొక్కులు లేచి ఉంటే వాటిని ప్లేటింగ్‌కు ఇవ్వకండి, ఆమ్లం లోపలి లోహాన్ని తినేస్తుంది.

అంబాసిడర్ వెనుక దీపం ఆ కారు రెక్క ఒంపుకు తగ్గట్టు చేసినది. చదునైన గోడ మీద అది కూర్చోదు, కూర్చోబెట్టడానికి కొత్త రంధ్రాలు వేయాలి. అది వద్దు. ఎల్‌ఇడి విషయంలో మాత్రం మీ మెకానిక్కు మాట పూర్తిగా కొట్టివేయదగింది కాదు. రాత్రిపూట జాతీయ రహదారి మీద వెనుక వచ్చే లారీకి పాత 5 వాట్ల టెయిల్ బల్బు ఆనకపోవచ్చు. పాత దీపం లోపలే బల్బు స్థానంలో పట్టే ఎల్‌ఇడి పెట్టుకోండి, ఎర్ర అద్దం వెనుక ఎర్ర ఎల్‌ఇడినే వాడండి. వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు రెండు తప్పక బిగించండి. 1960ల మధ్య దాకా బ్రిటన్‌లో వెనుక ఇండికేటరు ఎర్రగా వెలిగినా చెల్లేది. మన 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు మాత్రం ఇండికేటరు నారింజ రంగులో, నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలంటున్నాయి. ఈ ఒక్కచోట పాత పద్ధతిని వదిలేసి నారింజ అద్దం తీసుకోండి.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. ఎల్ 488లో అద్దాన్ని, రింగును పట్టి ఉంచేది రబ్బరు పెదవే. రబ్బరుకు సబ్బునీళ్లు రాసి, మొండి స్క్రూడ్రైవరుతో పెదవిని మెల్లగా తిప్పుతూ ముందు అద్దాన్ని, తర్వాత రింగును కూర్చోబెట్టాలి. తొందరపడితే రబ్బరు చిరుగుతుంది. ఇత్తడి గాని ఇనుము గాని అల్యూమినియం రేకుకు నేరుగా తగిలి తేమ చేరితే రేకు తెల్లగా పొడి రాలి తినుకుపోతుంది, మన కృష్ణా తీరపు గాలిలో తేమకు కొదవ లేదు. కనుక కింద రబ్బరు గాస్కెట్టు, స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి.

ప్రశ్న: నేను కూడా పాత ట్రైలరు ఒకటి బాగు చేసి అంబాసిడర్‌కు తగిలించాను. ట్రైలరు కలిపితే ఇండికేటరు లయ తప్పుతోంది. బ్రేకు తొక్కితే ట్రైలరు టెయిల్ దీపాలు మందగించి, ఇండికేటర్లు కూడా మినుకుమంటున్నాయి. కారణం ఏమిటి?
ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఇవి రెండు వేర్వేరు లోపాలు. ఇండికేటరును వెలిగించి ఆర్పే పాత ఫ్లాషరు వేడికి సాగే తీగతో పనిచేస్తుంది, అది ఒక పక్క 21 వాట్ల బల్బులు రెంటి లెక్కతో చేసినది. ట్రైలరుతో మూడో బల్బు చేరగానే ఆ లెక్క తప్పుతుంది. ట్రైలరు భారానికి తగిన ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వేయించండి. డైనమో ఉన్న పాత కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాషరు గాని ఎల్‌ఇడి గాని కొనేముందు మీ కారుది ఏ పద్ధతో చూసుకోండి, తిరగేసి కలిపితే పనిచేయవు, కాలిపోవచ్చు కూడా.

రెండోది కచ్చితంగా ఎర్త్ లోపం. దీపాలన్నింటికీ ఉమ్మడి ఎర్త్ సరిగా లేనప్పుడు బ్రేకు దీపం కరెంటు మిగతా బల్బుల గుండా దారి వెతుక్కుంటుంది. లాగే కొక్కెం ద్వారా ఎర్త్ అందుతుందని నమ్ముకోకండి, గ్రీజు, తుప్పు ఉన్న చోట అది నిలవదు. ట్రైలరు వైర్లను కారుకు కలిపే ఏడు పిన్నుల సాకెట్టులో మూడో పిన్ను, అంటే తెల్ల వైరు, ఎర్త్ కోసమే ఉంది. చెక్క చట్రం బండ్లలో లోహపు దారి ఎలాగూ ఉండదు గనుక ప్రతి దీపం నుంచీ విడిగా ఎర్త్ వైరు లాగి, అన్నింటినీ ఒకచోట కలిపి, ఆ మూడో పిన్నుకు లావుపాటి వైరుతో చేర్చండి.