మంచం పక్కన స్టూలు మీద ట్యాబ్

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ 50 పడకల ఆసుపత్రిలో కేస్‌షీట్లన్నీ డాక్టర్ల, నర్సుల ఫోన్లలో కనిపించేలా చేసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. నర్సుగా అర్ధరాత్రి రికార్డు రూము తాళంచెవి దొరక్క పాత షీట్ల కోసం పరుగులు పెట్టినదాన్ని కనుక ఎంతో గర్వపడ్డాను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

ఫోనుకు లాక్ ఉండాలి, పోయిన ఫోనులోని సమాచారాన్ని ఇక్కడి నుంచే చెరిపేయగలగాలి, ఉద్యోగం మానేసినవారి లాగిన్ ఆ రోజే ఆపేయాలి. ఇవన్నీ నీకు తెలిసినవే. నా భయం దొంగల గురించి కాదు.

నేను రిటైరవడానికి ముందు మా ప్రసూతి వార్డుకు ఒక ట్యాబ్ ఇచ్చారు. ప్రతి సిస్టర్‌కూ వేరే లాగిన్ ఉన్నా, డ్యూటీ మారినప్పుడల్లా మూసి తెరవడం విసుగనిపించి, నేనే నా పాస్‌వర్డును ప్లాస్టర్ ముక్క మీద రాసి ట్యాబ్ వెనక అంటించాను. ఒక సాయంత్రం పక్క మంచం వాళ్లు సెలైన్ అయిపోయిందని పిలిస్తే, ట్యాబును ఒక గర్భిణి పక్కనున్న స్టూలు మీద పెట్టి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అది ఆమె ఆడపడుచు చేతిలో ఉంది, తెర మీద హెచ్‌ఐవి పరీక్ష ఫలితం ఉంది. ఆ గర్భిణికి ఆ మాట మేమింకా చెప్పనే లేదు, మర్నాడు ఉదయం కౌన్సెలింగ్‌కు పిలిచాం. తెల్లవారేసరికి మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది, మందుల చీటీ దిండు కిందే ఉండిపోయింది. బిడ్డకు సోకకుండా మందులు మొదలుపెట్టవలసిన సమయమది, ఆమె మళ్లీ రాలేదు. విచారణలో చూస్తే ఆ రోజు వార్డులో తెరిచిన ప్రతి పేజీకీ ఎదురుగా నా పేరే ఉంది. నేను తెరిచింది బీపీ పేజీ మాత్రమే, కానీ ఆ సంగతి నిరూపించే దారి నేనే మూసేసుకున్నాను. రోగి సమ్మతి లేకుండా ఆ ఫలితం బయటపడకూడదని 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం చెబుతోంది, అది చదివినప్పుడల్లా ఆ స్టూలే కళ్ల ముందుకు వస్తుంది.

అందుకే చెబుతున్నాను, కాసేపు చేయి పడకపోతే తెర దానంతటదే మూసుకోవాలి, అలాంటి ఫలితాలకు మరో పిన్ అడగాలి, లాక్ తెర మీదికి వచ్చే సందేశాల్లో రోగి పేరు గానీ రిపోర్టు గానీ కనిపించకూడదు. అలాగని మరీ బిగించకమ్మా. గ్లౌజులు వేసుకున్న చేతికి వేలిముద్ర పనిచేయదు, పన్నెండంకెల పాస్‌వర్డు పెడితే నాలాంటివాళ్లు మళ్లీ ప్లాస్టరే వెతుక్కుంటారు. ఎవరి వార్డు రోగులు వారికే కనిపించాలి, కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు కారణం నమోదు చేసి ఏ షీటైనా తెరవగలగాలి, మర్నాడు ఆ నమోదును ఒకరు తప్పకుండా చూడాలి.

ఇంకొకటి. ఆభా, అంటే ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా ద్వారా రికార్డులు పంచుకునేటప్పుడు రోగి సమ్మతి తప్పనిసరి, బాగానే ఉంది. కానీ మన ఊళ్లలో చాలామంది ఆడవాళ్లకు ఓటీపీ వచ్చేది భర్త ఫోనుకే. ఆ నంబరు ఎవరిదని నమోదప్పుడే ఆమెను ఒంటరిగా అడిగించు.

ప్రారంభించే ముందు ఒక్క రాత్రి నైట్ డ్యూటీలో సిస్టర్ల వెంట నిలబడి చూడు. ఏ రోజో రాస్తే నేనూ వస్తాను, ఇద్దరం కలిసి వార్డు తిరుగుదాం. వేళకు భోజనం చెయ్యి తల్లీ.

నీ పెద్దమ్మ