స్లాబ్‌కి పీపీసీ వాడొచ్చా? కాకినాడ పనుల అనుభవంతో నా జవాబు

పర్యావరణానికి కాస్త మేలని మీరు పీపీసీ (బూడిద కలిపిన పోర్ట్‌ల్యాండ్ పొజోలానా సిమెంట్) వాడదామంటే, మేస్త్రీ స్లాబ్‌కి 53 గ్రేడ్ ఓపీసీయే (బూడిద కలపని మామూలు సిమెంట్) కావాలంటున్నాడని రాశారు. కాకినాడ చుట్టుపక్కల ఇళ్ల పనులు చూసుకునేవాణ్ణి. నిశ్చింతగా పీపీసీ తీసుకోండి. సముద్రం దగ్గరైతే స్లాగ్ (ఇనుము కరిగించగా మిగిలే వ్యర్థం) కలిపిన స్లాగ్ సిమెంట్ ఇంకా మంచిది, ఉప్పుకి బాగా తట్టుకుంటుంది.

సిమెంటు కాలుష్యమంతా బట్టీలో మండే బొగ్గుదే అనుకుంటారు చాలామంది. నిజానికి సగానికి పైగా సున్నపురాయిలోంచే వస్తుంది. రాయి కాలి క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు) అయ్యేలోపు దానిలోని కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. కాబట్టి క్లింకర్ ఎంత తగ్గితే అంత లాభం. పీపీసీలో 15 నుంచి 35 శాతం థర్మల్ కేంద్రాల బూడిదే. స్లాగ్ సిమెంట్‌లో ఉక్కు ఫ్యాక్టరీల స్లాగ్ 70 శాతం దాకా ఉండొచ్చు.

మేస్త్రీ భయం ఉత్తిది కాదు. పీపీసీ మొదట్లో నెమ్మదిగా గట్టిపడుతుంది, బలం తర్వాత పుంజుకుంటుంది. 4.5 మీటర్ల లోపు స్లాబ్‌కి 7 రోజులకు సపోర్టులు తీయొచ్చని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456లో ఉన్నది ఓపీసీ లెక్క. పీపీసీకి ఇంకొన్నాళ్లు ఆగాలి. సెంట్రింగ్ అద్దె పెరుగుతుంది, ఆ ఖర్చు ముందే ఒప్పుకోండి. క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) కనీసం 10 రోజులు, ఎండాకాలమైతే 14. స్లాబ్ మీద మళ్లు కట్టి నీళ్లు నిలపండి. పిల్లర్లకి గోనెసంచులు చుట్టి తడుపుతూ ఉండాలి, అందరూ వదిలేసేది వాటినే.

నన్నడిగితే, ఏ సిమెంటన్న దానికన్నా ముఖ్యం నీళ్లు. స్లాబ్ రోజు మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) దగ్గర మీరే నిలబడండి. మాలు జారుగా ఉంటే తేలిగ్గా పరుచుకుంటుందని ఇంకో బకెట్ పోసేస్తారు. ఎం20 గ్రేడు కాంక్రీటుకి సిమెంటు బస్తాకి 30 లీటర్లు మించకూడదు, ఇసుకలో తడి ఉంటే అదీ అందులోకే వస్తుంది. ఎక్కువైన నీరు ఆరిపోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి. ఉప్పుగాలి వాటిగుండా రాడ్లకు చేరుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. సముద్రపు ఒడ్డున ఉన్న ఉప్పాడ వైపు పెద్దగా పాతబడని ఇళ్లకే సన్‌షేడ్లు పెచ్చులూడి రాడ్లు బయటపడ్డాయి. వాటిని కొట్టి మళ్లీ పోస్తే, బూడిద కలిపి తగ్గించిన కాలుష్యమంతా మళ్లీ వచ్చినట్టే.

పిల్లర్లకి కవర్ బ్లాకులు (రాడ్లకీ అచ్చుకీ మధ్య ఎడం ఉంచే దిమ్మెలు) 40 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. రాళ్ల ముక్కలు పెడతామంటే ఒప్పుకోవద్దు. సిమెంటు దిగేటప్పుడు బస్తా మీద తయారైన తేదీ చూడండి, మూడు నెలలు దాటితే వెనక్కి పంపేయండి.