సమాధానం: 60,000 బిల్లుకు 54,000 మాత్రమే జమ కావడం గురించి

హైదరాబాద్ ఏజెన్సీకి రాసిన పనికి 60,000 బిల్లు పంపితే ఆగస్టులో 54,000 మాత్రమే జమ అయిందని, ఇది మోసమా అని మీరు అడిగారు. తగ్గిన 6,000 చాలావరకు టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవారే ముందుగా మినహాయించి మీ తరఫున ప్రభుత్వానికి కట్టే పన్ను, అయి ఉంటుంది. ఒక కంపెనీ మీకిచ్చే వృత్తి ఫీజు ఏడాదిలో 50,000 దాటితే 10 శాతం పన్ను మినహాయించి మీ పాన్ మీద జమ కట్టాలి. మీరు రాజాంలో కూర్చుని హైదరాబాద్ ఏజెన్సీకి రాసినా ఇదే లెక్క. కాబట్టి మోసమని ఇప్పుడే గొడవకు దిగకండి.

1. బిల్లు మీద మీ పాన్ సరిగా ఉందో లేదో చూడండి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ (మీ పాన్ మీద జమ అయిన పన్నుల పట్టిక) తెరిచి ఆ 6,000 మీ పేర కనబడుతోందా చూడండి. మినహాయించారు సరే, కట్టారా అన్నదే అసలు ప్రశ్న. ఆగస్టు చెల్లింపు వివరాలు ఏజెన్సీ అక్టోబర్ 31లోగా దాఖలు చేయాలి, అందుకే నవంబరు మధ్య వరకు ఆగండి. అప్పటికీ లేకపోతే మీ పాన్ తప్పుగా నమోదై ఉండవచ్చు. సవరణ దాఖలు చేయమని ఏజెన్సీ అకౌంట్స్ విభాగానికి మెయిల్ రాయండి. ఫోన్‌లో చెబితే ఆధారం మిగలదు.

3. పన్ను మినహాయించినట్టు ఏజెన్సీ ఇచ్చే ధ్రువపత్రం, ఫారం 16ఏ, అడిగి తీసుకోండి.

4. ఆదాయపు పన్ను రిటర్ను వేయండి, ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం మాత్రం వద్దు, అది వృత్తి ఆదాయానికి చెల్లదు. మీకు పన్ను పడకపోతే మొత్తం 6,000 తిరిగి మీ ఖాతాకే వస్తుంది.